సంగీతాన్ని తరగతి గదికి చేర్చిన న్యాయవాది: విష్ణు నారాయణ్ భాత్‌ఖండే

సంగీతంలో డిగ్రీ చదివితే ఏ ఉద్యోగం వస్తుంది? పిల్లలు సంగీత కళాశాలలో చేరతామన్నప్పుడు చాలా ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న ఇదే. నూట యాభై ఏళ్ల కిందట ఉత్తర భారతంలో ఈ ప్రశ్నకు తావే లేదు. పాడేవారున్నారు, నేర్చుకునేవారున్నారు, వారిని పోషించే సంస్థానాధీశులున్నారు. కానీ పాఠ్యపుస్తకం, తరగతి గది, పరీక్ష, పట్టా అన్నవి సంగీతానికి పరాయివి. సంగీత కుటుంబంలో పుట్టినవారికి విద్య దక్కేది. బయటివారు ఏళ్ల తరబడి గురువును సేవించి, ఆయన అనుగ్రహం కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

ఆ స్థితిని మార్చినవారిలో విష్ణు నారాయణ్ భాత్‌ఖండేది ప్రముఖ స్థానం. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. వేదికలెక్కి కీర్తి గడించిన గాయకుడు కారు. అయినా నేడు హిందుస్తానీ సంగీతాన్ని విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థి రాగాలను వర్గీకరించే తీరులో, స్వరాలను కాగితంపై రాసే పద్ధతిలో ఆయన ముద్ర కనిపిస్తుంది. సంగీతంతో జీవించడానికి ఎవరు అర్హులు, ఆ అర్హతను ఎవరు నిర్ణయించాలి అన్న వివాదానికి కూడా ఆయన కృషే ఒక ముఖ్య కారణమైంది.

బొంబాయి నుంచి న్యాయస్థానానికి

భాత్‌ఖండే 1860 ఆగస్టు 10న, కృష్ణాష్టమి నాడు, బొంబాయిలోని వాల్కేశ్వర్ ప్రాంతంలో మధ్యతరగతి మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. చదువుకుంటున్న రోజుల్లోనే సితార్ నేర్చుకున్నారు. ఆ కాలపు మర్యాదస్తుల ఇళ్లలో సంగీతాన్ని విని ఆనందించడం గౌరవమే గానీ, దానినే జీవనోపాధిగా ఎంచుకోవడం గౌరవంగా ఉండేది కాదు. అందుకే సంగీతం అభిరుచిగా మిగిలింది, న్యాయశాస్త్రం వృత్తి అయింది. 1885లో బి.ఏ., 1887లో ఎల్.ఎల్.బి. పూర్తిచేసిన ఆయన కొంతకాలం కరాచీలోనూ, ఆ తర్వాత బొంబాయిలోనూ న్యాయవాదిగా పనిచేశారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది గాయన్ ఉత్తేజక్ మండలి. పార్సీ ప్రముఖుడు కైఖుస్రో కాబ్రాజీ 1870లో బొంబాయిలో స్థాపించిన సంగీత సంఘం ఇది. 1884లో అందులో చేరిన భాత్‌ఖండే అక్కడ ధ్రుపద్, ఖయాల్ గానశైలులను నేర్చుకుని, వందల సంఖ్యలో బందిష్‌లను సేకరించారు. బందిష్ అంటే రాగతాళాల్లో కూర్చిన రచన. గాయకుడు తన మనోధర్మాన్ని విస్తరించడానికి అదే ఆధారం.

నేర్చుకునే కొద్దీ ఆయనలోని న్యాయవాదికి సందేహాలు పెరిగాయి. ఒకే రాగాన్ని ఇద్దరు ఉస్తాదులు రెండు విధాలుగా పాడతారు, ఇద్దరూ తమదే శుద్ధమైన సంప్రదాయమంటారు. ఆధారం అడిగితే తమ పెద్దలు అలా నేర్పారంటారు. మరోవైపు పండితులు భరతుని నాట్యశాస్త్రాన్ని, శార్ఙ్గదేవుని సంగీత రత్నాకరాన్ని ప్రమాణంగా చూపుతారు. ఆ గ్రంథాలలోని లక్షణాలకూ వేదికపై వినిపిస్తున్న సంగీతానికీ పొంతన ఏదో వివరించగలవారు మాత్రం అరుదు. సాక్ష్యాలను తులనాత్మకంగా పరిశీలించి ఒక నిర్ణయానికి రావడం ఆయన వృత్తి నేర్పిన పద్ధతి. దానినే సంగీతానికి వర్తింపజేయాలని ఆయన సంకల్పించారు.

1900లో భార్య, 1903లో కుమార్తె మరణించారు. కుటుంబ బంధాలు తెగిపోయిన ఆ దుఃఖం తర్వాత ఆయన క్రమంగా న్యాయవాద వృత్తి నుంచి తప్పుకుని, మిగిలిన జీవితాన్ని సంగీత పరిశోధనకే అంకితం చేశారు.

తెలుగు అక్షరాల్లో అచ్చయిన నిధి

1904లో భాత్‌ఖండే దక్షిణ భారత యాత్రకు బయలుదేరారు. మద్రాసు, తంజావూరు, మధురై మొదలైన చోట్ల విద్వాంసులను కలిశారు, గ్రంథాలయాల్లో తాళపత్రాలను, రాతప్రతులను వెదికారు. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులను దర్శించుకున్నారు. ముత్తుస్వామి దీక్షితుల వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు సంకలనం చేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఆ సంవత్సరంలోనే ఎట్టయపురంలో అచ్చయింది. ఆ బృహద్గ్రంథం వెలువడింది తెలుగులో. అంతవరకూ శిష్యపరంపరలో కంఠస్థంగా నిలిచిన కృతులను, గమకాల సూచనలతో సహా స్వరపరచి ముద్రించిన గ్రంథమది. వంశపు ఆస్తిగా దాచుకోదగిన విద్యను ఒక ఆస్థాన విద్వాంసుడు లోకానికి పంచిన సందర్భంగా అది చరిత్రలో నిలిచింది.

ఈ యాత్రలోనే భాత్‌ఖండేకు 17వ శతాబ్ది పండితుడు వేంకటమఖి రచించిన చతుర్దండీ ప్రకాశికతో సన్నిహిత పరిచయం కలిగింది. సప్తకంలోని స్వరస్థానాల ఆధారంగా 72 మేళాలను లెక్కగట్టిన గ్రంథమది. దక్షిణాది విద్యార్థి ఏ రాగాన్నైనా ఒక మేళకర్తకు చేర్చి చెప్పగలగడం, ఆ మాట మరో ఊరి విద్యార్థికీ అర్థం కావడం ఆయనను ఆకట్టుకున్నాయి. ఉత్తరాది సంగీతానికి అటువంటి ఉమ్మడి పరిభాష లేదని ఆయన గ్రహించారు.

తర్వాతి సంవత్సరాల్లో ఆయన యాత్రలు హైదరాబాద్, కలకత్తా, కాశీ, అలహాబాద్, జయపూర్, ఢిల్లీల వరకు సాగాయి. రాంపూర్ సంస్థానంలో తాన్‌సేన్ పరంపరగా ప్రసిద్ధమైన రచనలను సేకరించగలిగారు. కొందరు ఉస్తాదులు ఉదారంగా పాడి వినిపించారు, మరికొందరు నోరు విప్పలేదు. ఒక కుటుంబానికి తరతరాల జీవనాధారం ఆ రచనలే అయినప్పుడు, పుస్తకంలో అచ్చువేయడానికి అడిగిన అపరిచితుడికి వాటిని ఇవ్వడానికి సంకోచించడం సహజమే.

పది థాట్‌లు, ఆరు పుస్తకాలు

యాత్రల ఫలితం 1910 ప్రాంతం నుంచి గ్రంథరూపం దాల్చింది. చతుర పండితుడనే కలం పేరుతో సంస్కృతంలో శ్రీమల్లక్ష్యసంగీతం రచించారు. మరాఠీలో గురుశిష్య సంవాదంగా సాగే హిందుస్తానీ సంగీత పద్ధతి నాలుగు సంపుటాలుగా వెలువడింది. విద్యార్థులకు మరింత ఉపయోగపడినది ఆరు భాగాల క్రమిక్ పుస్తక్ మాలిక. వేయికి పైగా బందిష్‌లను స్వరలిపితో అందించిన పాఠ్యగ్రంథమాల అది. చేతితో రాయడానికీ అచ్చువేయడానికీ అనువైన స్వరలిపిని ఆయనే రూపొందించారు.

హిందుస్తానీ రాగాలను ఆయన పది థాట్‌ల కింద వర్గీకరించారు. అవి బిలావల్, కల్యాణ్, ఖమాజ్, భైరవ్, పూర్వి, మార్వా, కాఫీ, ఆసావరి, భైరవి, తోడి. వీటిలో కల్యాణ్ మన మేచకల్యాణికి, బిలావల్ ధీరశంకరాభరణానికి, భైరవ్ మాయామాళవగౌళకు సమానమైన స్వరస్థానాలు కలవి. కాఫీకి సాటి ఖరహరప్రియ.

ఈ వర్గీకరణ అందరికీ సమ్మతం కాలేదు. పది థాట్‌లలో ఇమడని రాగాలు ఉన్నాయని, స్వరస్థానాల లెక్క రాగానికి ప్రాణమైన సంచారాన్ని పట్టుకోలేదని విమర్శలు వచ్చాయి. పండిత్ ఓంకార్‌నాథ్ ఠాకుర్ వంటి మహాగాయకులు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. అయినా బోధనకు ఇది అక్కరకు వచ్చింది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై రాయగలిగినది, విద్యార్థి పరీక్షలో తిరిగి చెప్పగలిగినది ఒకటి దొరికింది.

బరోడా సభ నుంచి లక్నో కళాశాల వరకు

సంగీత విద్యాలయాల ఆలోచన భాత్‌ఖండేతోనే మొదలు కాలేదు. బరోడా సంస్థానంలో మౌలాబక్ష్ నాయకత్వాన 1886లోనే సంగీత పాఠశాల ఏర్పడింది. విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901 మే 5న లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయాన్ని ప్రారంభించి, ప్రజల విరాళాలతో నడిపారు. తెలుగునాట విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో సంగీత కళాశాలను స్థాపించగా, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులయ్యారు.

పలుస్కర్ దృష్టి భక్తిపైన, సంగీతకారుల గౌరవంపైన నిలిచింది. భాత్‌ఖండే కోరినది సంగీతం విశ్వవిద్యాలయ స్థాయి శాస్త్రంగా నిలవడం. అందుకు ముందు విద్వాంసులను ఒకచోట చేర్చాలని ఆయన భావించారు. మహారాజా శాయాజీరావ్ గైక్వాడ్ ఆదరణతో 1916లో బరోడాలో తొలి అఖిల భారత సంగీత సభ జరిగింది. అక్కడ పాటకచేరీలతో పాటు శ్రుతులు, స్వరలిపి, రాగలక్షణాలపై చర్చలు జరిగాయి. తర్వాత ఢిల్లీ, కాశీ, లక్నో నగరాల్లోనూ ఇటువంటి సభలు ఏర్పాటయ్యాయి. 1918లో గ్వాలియర్ సంస్థానం ఆయన పద్ధతిలో మాధవ్ సంగీత విద్యాలయాన్ని నెలకొల్పింది.

ఆయన కోరిన జాతీయ సంగీత అకాడమీ ఆయన జీవితకాలంలో రూపుదిద్దుకోలేదు. కానీ సంయుక్త పరగణాల విద్యామంత్రి రాయ్ రాజేశ్వర్ బలీ, ఆయన బంధువు రాయ్ ఉమానాథ్ బలీల సహకారంతో 1926లో లక్నోలో హిందుస్తానీ సంగీత కళాశాల ప్రారంభమైంది. అప్పటి గవర్నర్ సర్ విలియం మారిస్ పేరు మీద అది మారిస్ కళాశాల అయింది. తర్వాతి కాలంలో అది కైసర్‌బాగ్‌లోని పరీఖానాకు చేరింది. నవాబు వాజిద్ అలీ షా తన ఆస్థానపు యువతులకు సంగీత నృత్యాలలో శిక్షణ ఇప్పించిన భవనమది.

భాత్‌ఖండే ప్రియశిష్యుడు శ్రీకృష్ణ నారాయణ్ రతన్‌జన్‌కర్ దీర్ఘకాలం ఆ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయన బరోడాలో ఆగ్రా ఘరానా మహాగాయకుడు ఫయ్యాజ్ ఖాన్ వద్ద శిష్యరికం చేశారు. అంటే కళాశాల విద్యకు రూపమిచ్చిన తొలి తరం వెనుక గురుకుల శిక్షణ దృఢంగానే ఉంది.

పట్టాతో బయటికి వచ్చినవారు ఏమయ్యారు

కళాశాలల్లో మహాగాయకులు తయారుకారన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. వారానికి కొన్ని గంటల తరగతి, ఏడాది చివర పరీక్ష అన్న ఏర్పాటు ఇరవై ఏళ్ల అహోరాత్ర సాధనకు సాటి రాదన్న మాటలో నిజం ఉంది. అయితే ఆ విద్యార్థులు ఏమయ్యారో చూస్తే ఆ విమర్శ సగం కథే చెబుతుందని తెలుస్తుంది.

మారిస్ కళాశాల ప్రారంభమైన మరుసటి సంవత్సరం, 1927లో, బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రసారాలు మొదలయ్యాయి. 1936 జూన్‌లో దేశ ప్రసార సంస్థకు ఆలిండియా రేడియో అన్న పేరు స్థిరపడింది. సంస్థానాల పోషణ సన్నగిల్లుతున్న ఆ కాలంలో రేడియో కొత్త పోషకురాలైంది. స్వరలిపి చదవగలిగి, నియమిత సమయంలో రాగాన్ని వినిపించగలిగి, కార్యక్రమాన్ని రూపొందించగలిగినవారు దానికి కావలసి వచ్చింది. ఆ తర్వాత శబ్ద చలనచిత్రాలు, గ్రామఫోన్ కంపెనీలు, పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు కూడా అటువంటివారినే కోరాయి.

లక్నోలో చదివిన రోషన్ ఢిల్లీ రేడియోలో వాద్యకారుడిగా పనిచేసి, అనంతరం హిందీ చిత్రసీమలో పేరెన్నికగన్న సంగీత దర్శకుడయ్యారు. అక్కడే నేర్చుకున్న తలత్ మహమూద్ లక్నో రేడియో ద్వారా శ్రోతలకు పరిచయమై గజల్ గానంలో ప్రసిద్ధులయ్యారు. సుమతీ ముటాట్‌కర్ ఆకాశవాణిలోనూ, ఢిల్లీ విశ్వవిద్యాలయ సంగీత విభాగంలోనూ ఉన్నత బాధ్యతలు నిర్వహించారు. చిదానంద్ నగార్‌కర్, కె.జి. గిండే బొంబాయిలో తరాల విద్యార్థులను తీర్చిదిద్దారు. 1956లో ఖైరాగఢ్‌లో ఏర్పడిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయానికి తొలినాళ్లలో రతన్‌జన్‌కరే ఉపకులపతి.

శ్రీలంక నుంచి వచ్చిన డబ్ల్యు.డి. అమరదేవ లక్నోలో శిక్షణ పొంది, స్వదేశంలో సింహళ సంగీతానికి నూతన రూపమిచ్చారు. మాల్దీవుల జాతీయ గీతానికి స్వరం సమకూర్చినది కూడా ఆయనే.

తెలుగువారి అనుభవం కూడా ఇటువంటిదే. విజయనగరం కళాశాలలో చదివిన ఘంటసాల వెంకటేశ్వరరావు రేడియో మీదుగా చలనచిత్ర సంగీతంలో శిఖరాలు చేరారు. పి. సుశీల కూడా అక్కడి విద్యార్థినే. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ కళాశాలలో ఆచార్యుడిగా, 1936 నుంచి అధ్యక్షుడిగా జీవనం సాగిస్తూనే కచేరీ వేదికపై అగ్రశ్రేణిలో నిలిచారు. బోధన, కచేరీ పరస్పర విరుద్ధాలు కావని ఆయన జీవితం చాటింది.

తలుపు తెరిచిన వ్యవస్థే కాపలా కాసింది

భాత్‌ఖండే కృషికి మరో పార్శ్వం ఉంది. శాస్త్రం తెలియని ఉస్తాదుల పట్ల ఆయనకు అసహనం ఉండేది. యాత్రా దినచర్యల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన గ్రంథాలను నింపిన రచనల్లో అధిక భాగం మాత్రం ఆ ఉస్తాదుల, ముఖ్యంగా ముస్లిం సంగీత కుటుంబాల కంఠాల నుంచి వచ్చినవే. విద్య పుస్తకానికి చేరిన కొద్దీ దానిని కాపాడిన కుటుంబాల ప్రాబల్యం తగ్గి, చదువుకున్న మధ్యతరగతి ముందుకు వచ్చిందని జానకి బాఖ్లే వంటి చరిత్రకారులు విశ్లేషించారు.

మహిళల విషయంలోనూ ఇదే ద్వంద్వం. కళాశాల మూలంగా గృహస్థుల ఇళ్ల ఆడపిల్లలు నిస్సంకోచంగా సంగీతం నేర్చుకోగలిగారు, ఉపాధ్యాయినులు కాగలిగారు. అదే కాలంలో ఠుమ్రీ, దాద్రా, గజల్ వంటి ప్రక్రియలను తరతరాలుగా పోషించిన తవాయిఫ్‌ల గౌరవం, ఆదాయం క్షీణించాయి. ఆ నేపథ్యం నుంచి వచ్చిన బేగం అఖ్తర్ చివరి దశలో లక్నో కళాశాలలో బోధించడం ఆ అగాధంపై పడిన ఒక వంతెన.

పరీక్షించే అధికారం ఎంత దూరం వెళ్లగలదో 1950వ దశకంలో తేలింది. ఆకాశవాణి కళాకారులను శ్రేణులుగా విభజించేందుకు స్వర పరీక్షలు ప్రవేశపెట్టినప్పుడు నిర్ణేతల్లో రతన్‌జన్‌కర్ ప్రముఖులు. దశాబ్దాల అనుభవం గల గాయకులను పరీక్షకు కూర్చోబెట్టడంపై తీవ్ర నిరసన వ్యక్తమైంది. 1952లో రేడియో సిలోన్ కూడా తన కళాకారుల పరీక్షకు ఆయననే ఆహ్వానించింది. శ్రీలంకలో అప్పటికే ప్రజాదరణ పొందిన గాయకుడు సునీల్ శాంత ఆ పరీక్షకు హాజరు కావడానికి నిరాకరించి, రేడియోలో తన స్థానాన్ని కోల్పోయారు. తమ దేశ సంగీతాన్ని ఉత్తర భారత కొలమానంతో తూచడం తగదన్నది ఆయన అభ్యంతరం. సునీల్ శాంత స్వయంగా లక్నో కళాశాల పట్టభద్రుడు. ఆయనకు జీవనోపాధిని ప్రసాదించిన విద్యావ్యవస్థ నుంచే ఆ ఉపాధికి అడ్డంకి వచ్చింది.

ఈ వివాదాల నాటికి భాత్‌ఖండే లేరు. 1933లో పక్షవాతానికి గురైన ఆయన 1936 సెప్టెంబరు 19న, వినాయక చవితి రోజున, కన్నుమూశారు. 1966లో లక్నో కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 2000లో అది విశ్వవిద్యాలయ హోదా పొంది, 2022లో భాత్‌ఖండే సంస్కృతి విశ్వవిద్యాలయమైంది. భారత తపాలా శాఖ 1961లో ఆయన స్మారకంగా బిళ్లను విడుదల చేసింది.

నేడు సంగీత పట్టభద్రులకు బోధన, ప్రసారం, చలనచిత్రం, పరిశోధన, ధ్వనిముద్రణ వంటి మార్గాలున్నాయి. వీటిలో ఏదీ పట్టా చేతికి రాగానే దానంతట అది లభించేది కాదు. కచేరీ విద్వాంసుడు కావాలనుకునేవారికి గురుముఖతః సాధన ఈనాటికీ తప్పనిసరి. విశ్వవిద్యాలయం ఇవ్వగలిగినది మరొకటి. ఎవరి ఇంట పుట్టావని అడగకుండా నేర్పడం, నేర్చినదాన్ని మరొకరికి అందించగల భాషను ఇవ్వడం. ఆ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో, దానిని అందించే తొందరలో ఎవరి పేర్లు మరుగున పడ్డాయో కూడా చెప్పినప్పుడే ఆ పాఠం సంపూర్ణమవుతుంది. సంగీతం కొద్ది కుటుంబాలకే దక్కుతోందన్న ఆవేదనతో ఊరూరా తిరిగిన న్యాయవాది మొదలుపెట్టిన పనిలో ఇంకా మిగిలి ఉన్న భాగం అదే.